మహేంద్రగిరి కందిరీగ: అర మిల్లీమీటరు పురుగు కొత్త జాతేనా అని తేల్చిన కేసు

ఈ కేసులోని పురుగు పొడవు అర మిల్లీమీటరు లోపే. గసగసాల గింజ పక్కన పెడితే గింజే పెద్దగా కనిపిస్తుంది. మైమారిడే కుటుంబానికి చెందిన కందిరీగ ఇది. ఇంగ్లీషులో ఈ కుటుంబాన్ని ఫెయిరీఫ్లైలు అంటారు. కందిరీగ అనగానే గుర్తొచ్చే పసుపు చారలు, కుట్టే ముల్లు దీనికి లేవు. ఇంకో పురుగు పెట్టిన గుడ్డులో ఇది తన గుడ్డు పెడుతుంది. పిల్ల ఆ గుడ్డు లోపలే పెరిగి, దాన్నే తిని, రెక్కలొచ్చాక బయటికొస్తుంది. ఒడిశా గజపతి జిల్లాలో, మహేంద్రగిరి కొండ మడతలో, ఎండాకాలంలోనూ ఆరని ఒక ఊట పక్కన మాకు దొరికింది. కాంప్టోప్టెరా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) కొత్త జాతిగా వర్ణన రాసి ఒక శాస్త్ర పత్రికకు పంపాం. సమీక్ష నడుస్తోంది.

జాతి పేరు ఇక్కడ రాయడం లేదు, కారణం తర్వాత చెప్తాను. చిన్న పరాన్నజీవి కందిరీగల్లో కొత్త జాతి అని ప్రకటించడం తేలిక. ఒక్క నమూనా, నాలుగు కొలతలు, ఒక పేరు ఉంటే వ్యాసం అయిపోతుంది. అది తప్పని తేల్చాలంటే మాత్రం తర్వాత వచ్చినవాళ్లకు ఏళ్లు పడుతుంది. మా కేసులో ఎక్కువ శ్రమ పట్టింది ఒక్క ప్రశ్నకు: ఇది నిజంగా వేరే జాతా, లేక పేరున్న జాతిలోనే చిన్న గుడ్డులో పెరిగిన పొట్టి పురుగా? ఈ పనిలోకి వచ్చే విద్యార్థులకు పనికొచ్చేది ఆ భాగమే కాబట్టి దాన్ని వివరంగా రాసి, మిగతావి త్వరగా దాటిస్తాను.

చోటు

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పర్లాకిమిడి వాళ్లకూ, మందస వైపు నుంచి ఎక్కే శ్రీకాకుళం వాళ్లకూ అది శివరాత్రి కొండ. పైన కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో పాత గుడులున్నాయి. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. పశ్చిమ కనుమల్లో ఉన్నట్టు ఇక్కడ కొండల మీద కొండలుగా వర్షారణ్యం పరుచుకుని ఉండదు. కింద గుగ్గిలం చెట్లు, పోడు మచ్చలు, జీడితోటలు కనిపిస్తాయి. పైకి వెళ్లేకొద్దీ వాగుల వెంట, నీడ పడే లోయల్లో, ఏడాది పొడుగునా ఆకు రాల్చని తేమ అడవి తునకలు తునకలుగా మిగిలి ఉంది. ఒక తునకకూ ఇంకో తునకకూ మధ్య ఎండిన వాలు ఉంటుంది. అర మిల్లీమీటరు పురుగుకు ఆ వాలు దాటడం చాలా దూరం. చిన్న పురుగుల్లో ప్రత్యేక జాతులు ఇలాంటి చోట్ల ఉండే అవకాశం ఎక్కువని ఈ కొండను ఎంచుకున్నాం.

ఎంచుకున్నది మేమైనా, సరైన చోటు చూపింది మాతో వచ్చిన సవర పెద్దాయన. వాగు మలుపులో మేము పురుగులు పట్టే పళ్లేలు దించుతుంటే ఆయన ఆపాడు.

"ఏటి మాస్టారూ, ఇంత దూరం మోసుకొచ్చి ఈ గట్టు మీద ఎడతారా? వైశాకం వస్తే ఇక్కడ నేల నెర్రెలు బాస్తాది."

"మరెక్కడ పెట్టమంటావు తాతా?"

"పైన ఊట కాడ ఎండల్లో కూడా తడారదు. ఆ రాళ్ల మీద పాచి ఎండగా నేను సూడలేదు. శివరాత్రి జనం గుడుల కాడికి పోతారు, అటేపు రారు. పురుగులు కావాలంటే ఆడికి రావాల."

రెండు చోట్లా పెట్టాం. వాగు మలుపు పళ్లేలలో మైమారిడే బాగానే పడ్డాయి గానీ ఈ పురుగు పడలేదు. ఊట దగ్గర పడింది. తర్వాతి సీజన్లలోనూ అక్కడే పడింది. ప్రచురణకు పంపిన వ్యాసంలో నివాస స్థలం గురించి రాసిన పేరా సగం ఆయన చెప్పినదే, ఆయన అనుమతితో ఆయన పేరు పెట్టి రాశాం.

పట్టుకోవడం

పసుపు రంగు పళ్లెం, అందులో నీళ్లు, రెండు చుక్కల సబ్బు ద్రవం, గుప్పెడు ఉప్పు. పరికరం ఇంతే. పసుపు రంగుకు చాలా చిన్న కందిరీగలు దిగి వస్తాయి. సబ్బు నీటి పైపొర బిగువు తగ్గిస్తుంది కాబట్టి దిగిన పురుగు తేలకుండా మునుగుతుంది. ఉప్పు కుళ్లకుండా కాపాడుతుంది. మర్నాడు వడకట్టాలి. టీ వడకట్టే జల్లెడలోంచి ఇవి జారిపోతాయి. సన్న నేత నైలాన్ గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆల్కహాలులోకి మార్చాలి. డీఎన్ఏ తీయదలిస్తే ఆ ఆల్కహాలు 95 శాతం ఉండాలి. సీసాలో వేసే చీటీ పెన్సిలుతో రాయాలి, ఎందుకంటే బాల్ పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. చీటీ పోతే పురుగు పోయినట్టే. ఎక్కడిదో తెలియని నమూనా మీద జాతి కట్టలేం.

జోరు వానలో పళ్లేలు పొంగి పొర్లుతాయి కాబట్టి ఎక్కువగా వానలు తెరిపిచ్చిన కార్తీకం నుంచి మాఘం దాకా, మళ్లీ వేసవి మొదట్లో పెట్టాం. ఒకే చోట వేర్వేరు కాలాల్లో పట్టడం ఈ కేసులో ఎంత ఆదుకుందో ముందు ముందు తెలుస్తుంది.

తొమ్మిదా, పదా

ప్రజాతి గుర్తించడంలో ఒక చిన్న అడ్డంకి వచ్చింది. మొదటి నమూనాలను విడదీసింది మా విద్యార్థిని. స్టీరియో మైక్రోస్కోపు కింద ఆడ పురుగు తల మీది యాంటెన్నాలో (మీసంలో) ఖండితాలు, అంటే కణుపుల్లాంటి ముక్కలు, లెక్కపెట్టి, "సార్, దీనికి ఖండితాలు తొమ్మిదే ఉన్నాయి, ఏ ప్రజాతికీ సరిపోవడం లేదు" అంది. రెక్క చూస్తే కాంప్టోప్టెరా రెక్కే: బద్దలా సన్నగా, చివర కొంచెం వంగి, అంచు చుట్టూ రెక్క వెడల్పు కంటే ఎన్నో రెట్లు పొడవైన శూకాలు, అంటే సన్న వెంట్రుకలు. పాదానికి ఐదు ఖండితాలు. నడుము సన్నని కాడగా స్పష్టంగా ఉంది. యాంటెన్నా ఒక్కటే కుదరలేదు.

"స్లైడు చేసి ఫేజ్ కాంట్రాస్టులో ఇంకోసారి చూడమ్మా. మూడో దానికీ నాలుగో దానికీ మధ్య చూడు" అన్నాను.

కాంప్టోప్టెరా ఆడ పురుగులో ఆ చోట ఒక ఖండితం ఉంగరమంత సన్నగా ఇమిడి ఉంటుంది. మైక్రోస్కోపులో తక్కువగా పెద్దది చేసి చూస్తే అది ముందు ఖండితం అంచు గీతలాగే కనిపిస్తుంది. ఆయిల్ ఇమ్మర్షన్ కింద ఫోకస్ మెల్లగా పైకీ కిందికీ తిప్పితే రెండు గీతలు విడివిడిగా తేలాయి. వాటి మధ్య ఉన్న కాస్త చోటే ఆ ఖండితం. దాంతో పది లెక్క కుదిరింది. కీటక శాస్త్రవేత్తలు జాన్ హ్యూబర్, లిన్ 1999లో ఈ ప్రజాతుల గుంపును సమీక్షించినప్పుడు ఈ ఉంగరపు ఖండితానికి ఇచ్చిన ప్రాధాన్యం ఎందుకో, ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. పాత వర్ణనల్లో ఖండితాల లెక్క తేడాగా కనిపిస్తే, జాతి తేడా అనుకునే ముందు ఆ రచయిత వాడిన మైక్రోస్కోపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

స్లైడు గురించి ఒక మాట. ఇంత చిన్న పురుగును సూదికి గుచ్చలేం. పొటాషియం హైడ్రాక్సైడులో మెత్తబరిచి, ఎసిటిక్ ఆమ్లం, వరుస ఆల్కహాళ్లు, లవంగ నూనె దాటించి, కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకలో అమర్చాం. తల, యాంటెన్నాలు, ఒక వైపు రెక్కలు, మిగతా శరీరం విడదీసి, ఒకే స్లైడు మీద కవర్ స్లిప్పు ముక్కల కింద వేర్వేరుగా పెట్టాం. అన్నీ ఒకే కవర్ స్లిప్పు కింద పెడితే రెక్క మీద కాలు, కాలు మీద యాంటెన్నా పడి ఒక్కటీ కొలవలేం. బాల్సమ్ గట్టిపడటానికి వెచ్చని పెట్టెలో వారాలు పడుతుంది. తొందరగా అయిపోతుందని హోయర్స్ మాధ్యమం వాడేవాళ్లున్నారు. అది కొన్నేళ్లకు స్ఫటికాలు కట్టి నమూనాను మింగేస్తుంది. టైపు నమూనాకు, అంటే జాతి పేరుకు ఆధారంగా దాచే నమూనాకు, దాన్ని వాడటం నాకు అసలు ఒప్పుదల కాదు. పందొమ్మిదో శతాబ్దపు బాల్సమ్ స్లైడ్లు ఈనాటికీ చదవగలుగుతున్నాం.

చిక్కు

మా పళ్లేలలో కాంప్టోప్టెరా రెండు రూపాల్లో పడింది. ఒకటి ఇంతకుముందే భారతదేశం నుంచి వర్ణించిన ఒక జాతికి అన్ని లక్షణాల్లో సరిపోయింది. దాన్ని ఇక్కడ 'తెలిసినది' అంటాను. రెండోది దానికంటే చిన్నది, రంగు లేత. రెక్క ఇంకా సన్నం, రెక్క మధ్య శూకాల వరుసలు తక్కువ, అంచు శూకాలు రెక్క వెడల్పుతో పోలిస్తే ఇంకా పొడవు, యాంటెన్నా ఖండితాలు పొట్టివి. ఇంతింత తేడాలు కనిపిస్తే ఎవరికైనా కొత్త జాతి అనే అనిపిస్తుంది. ఈ జాబితాతోనే వ్యాసం రాసి పంపేయవచ్చు కూడా.

ఆ జాబితాను ఇంకోసారి చదివితే అనుమానం పుడుతుంది. ఈ కందిరీగ ఎంత పెద్దదవుతుందన్నది అది పెరిగిన గుడ్డు పరిమాణం మీద ఆధారపడుతుంది. తిండి అంతా ఆ గుడ్డులో ఉన్నదే, బయటినుంచి చేరేది ఏమీ లేదు. ఒకే తల్లి పెట్టిన రెండు గుడ్లు, ఒకటి పెద్ద గుడ్డులో, ఒకటి చిన్న గుడ్డులో పెరిగితే రెండు వేర్వేరు సైజుల పురుగులు వస్తాయి. శరీరం చిన్నదైనప్పుడు అన్ని భాగాలూ ఒకే పాళ్లలో తగ్గవు. రెక్క పలక వెడల్పు బాగా తగ్గుతుంది, అంచు శూకాలు అంతగా తగ్గవు, పలక మీద శూకాలకు చోటు చాలక వరుసలు పోతాయి. అంటే మేము తేడాలుగా రాసుకున్నవన్నీ, చిన్న గుడ్డులో పెరిగిన తెలిసిన జాతి పురుగులో కూడా సరిగ్గా ఇలాగే కనిపించే అవకాశం ఉంది.

ఇది ఊహాపోహ కాదని చూపడానికి పాఠాల్లో నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ట్రైకోగ్రామా అనే గుడ్డు పరాన్నజీవి కందిరీగ. మన వరి, చెరకు రైతులకు ట్రైకో కార్డుల వల్ల ఆ పేరు పరిచయమే. 1937లో కీటక శాస్త్రవేత్త జార్జ్ సాల్ట్ ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ అనే జాతి మీద పని ప్రచురించాడు. చిమ్మట గుడ్లలో పెరిగిన మగవాటికి రెక్కలున్నాయి. ఆల్డర్‌ఫ్లై అనే నీటి అంచు పురుగు గుడ్లలో పెరిగిన మగవాటికి రెక్కలే లేవు, యాంటెన్నా, కాళ్లు కూడా వేరుగా ఉన్నాయి. జాతి ఒక్కటే, మారింది తిన్న గుడ్డు. సంగతి తెలియనివాళ్ల చేతికి ఆ రెండు మగ పురుగులు వస్తే రెండు జాతులని రాసేస్తారు, బహుశా రెండు ప్రజాతులని కూడా.

తేల్చిన తీరు

ఒకే సైజులో రెండు రూపాలూ దొరికితే తప్ప ఈ చిక్కు విడదు. తెలిసిన జాతిలో పొట్టివి కావాలి, అనుమానపు రూపంలో పెద్దవి కావాలి. అందుకే వేర్వేరు కాలాల నమూనాలు అక్కరకొచ్చాయి. వేసవి మొదట్లో పట్టిన వాటిలో తెలిసిన జాతి పురుగులు కొన్ని బాగా చిన్నవి. చలికాలపు నమూనాల్లో రెండో రూపం పురుగులు కొన్ని సగటు కంటే పెద్దవి. వెనక కాలి టిబియా (మోకాలి కింది భాగం) పొడవును శరీర పరిమాణానికి గుర్తుగా తీసుకున్నాం. స్లైడు మీద నలిగినా, ఉబ్బినా పొట్ట పొడవు మారిపోతుంది, టిబియా మారదు. అడ్డంగా టిబియా, నిలువుగా ఒక్కో లక్షణం పెట్టి గ్రాఫులు గీశాం.

రెక్క సన్నదనం గ్రాఫులో రెండు రూపాల చుక్కలు ఒకే గీత మీదకు వచ్చాయి. చిన్న పురుగుకు సన్న రెక్క, పెద్ద పురుగుకు కాస్త వెడల్పు, అంతే. ఆ లక్షణం తీసేశాం. అంచు శూకాల నిష్పత్తి, శూకాల వరుసల లెక్క, ఖండితాల పొట్టితనం కూడా అలాగే పోయాయి. రంగును ముందే పక్కన పెట్టాం, ఆల్కహాలులో ఎంతకాలం ఉందన్న దాన్ని బట్టి అది వెలుస్తుంది. మొదటి జాబితాలో చాలా భాగం ఇలా కొట్టుకుపోయింది. దీన్ని నష్టం అని నేను అనుకోను. ఇవి వర్ణనలో తేడాలుగా ఉండిపోయి ఉంటే, రేపు ఇంకో కొండ మీద పొట్టి పురుగు పట్టినవాళ్లు దాన్ని మా జాతి అని పొరబడేవారు.

మూడు లక్షణాలు నిలబడ్డాయి. మొదటిది యాంటెన్నా మీద నిలువు గీతల్లా కనిపించే జ్ఞానేంద్రియ ఫలకాలు ఏ ఖండితాల మీద ఉన్నాయన్నది. తెలిసిన జాతిలో లేని ఒక ఖండితం మీద కూడా మా రూపంలో ఫలకం ఉంది. అతి పొట్టి పురుగులోనూ ఉంది, పెద్దదానిలోనూ ఉంది. కుడి ఎడమ యాంటెన్నాలు రెండూ చూశాం, ఎందుకంటే ఒక పక్క ఉండి ఇంకో పక్క లేకపోయే లక్షణం మీద జాతి నిలబడదు. రెండోది వీపు పలక మీది చెక్కడం. తెలిసినదానిలో గళ్లు దగ్గర దగ్గరగా, అన్ని వైపులా ఒకే వెడల్పుతో ఉన్నాయి, మా దానిలో నిలువుగా సాగి ఉన్నాయి. మూడోది అండ నిక్షేపకానికీ (గుడ్లు పెట్టే గొట్టానికీ) వెనక టిబియాకూ ఉన్న నిష్పత్తి. గ్రాఫులో రెండు రూపాల చుక్కలు రెండు వేర్వేరు గీతలుగా, ఒకే సైజు దగ్గర కూడా ఒకదాన్నొకటి తాకకుండా నడిచాయి. మధ్యస్థంగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు.

ఒకే ఊట, ఒకే పళ్లెం, ఒకే వారం, ఒకే సైజు. అయినా మూడు లక్షణాలూ కలిసే మారుతున్నాయి, విడివిడిగా మారడం లేదు. ఇవి ఒకదానితో ఒకటి జతకట్టే ఒకే జాతి అయితే ఒక దాని ఫలకం, ఇంకోదాని చెక్కడం కలిసిన పురుగు ఎక్కడో ఒకటి కనబడాలి. కనబడలేదు కాబట్టే కొత్త జాతి అనడానికి నాకు ధైర్యం వచ్చింది. వేర్వేరు కొండల నమూనాలు మాత్రమే చేతిలో ఉండి ఉంటే ఇంత గట్టిగా అనగలిగేవాణ్ణి కాదు.

డీఎన్ఏ సంగతి క్లుప్తంగా. పురుగును నలపకుండా, లోపలి కణజాలం కరిగించి, ఖాళీ పెంకును మళ్లీ స్లైడు చేసే పద్ధతి వాడాం. బార్‌కోడు పరీక్ష (జాతిని గుర్తించడానికి ఒక చిన్న జన్యు భాగాన్ని చదవడం) జరిగిన పురుగే కళ్లముందు స్లైడుగా ఉండాలన్నది నా పట్టుదల. పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన సీఓఐ జన్యు భాగం, 658 అక్షరాలది, కొన్ని నమూనాల్లోనే వచ్చింది. ఇలాంటి చిన్న కందిరీగల్లో మామూలు ప్రైమర్లు, అంటే ఆ భాగాన్ని కాపీ చేయడానికి అతికించే చిన్న డీఎన్ఏ ముక్కలు, తరచూ అతుక్కోవు. వచ్చినంతలో రెండు రూపాలూ రెండు గుంపులుగా విడిపోయాయి. డేటాబేసులో దగ్గరి సరిపోలిక లేదన్న విషయానికి మేము విలువ ఇవ్వలేదు. అక్కడ కాంప్టోప్టెరా వరుసలే కొద్ది, దొరకకపోవడంతో ఏదీ రుజువు కాదు. డీఎన్ఏ బాగా ఉపయోగపడింది మగ పురుగుల విషయంలో. మగదాని యాంటెన్నా చివర ఆడదానిలా లావుగా ఉబ్బిన గద ఉండదు, పైన చెప్పిన ఫలకాల లక్షణం దానికి వర్తించదు. ఏ మగది ఏ ఆడదానిదో బార్‌కోడు, వీపు చెక్కడం కలిపి తేల్చాం.

పాత పేర్లు

భారతీయ జాతి ఒక్కదానితో పోల్చి ఊరుకుంటే సరిపోదు. కాంప్టోప్టెరాను ఫోర్‌స్టర్ 1856లో స్థాపించాడు, అప్పటినుంచీ ప్రపంచం నలుమూలల నుంచి జాతులు చేరాయి. ఇంత తేలికైన పురుగు ఎప్పుడో ఒకసారి గాలికి దూరం కొట్టుకుపోవచ్చు కాబట్టి శ్రీలంక, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా జాతులన్నిటినీ తోసిపుచ్చాలి. బి. ఆర్. సుబ్బారావు, మహమ్మద్ హయాత్ 1983లో ఓరియంటల్ (దక్షిణ, ఆగ్నేయాసియా) ప్రాంతపు మైమారిడే ప్రజాతులకు కట్టిన గుర్తింపు కీ లేకపోతే ఈ పని మన దేశంలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. లండన్‌లో జాన్ నాయెస్ నిర్మించిన చాల్సిడ్ కందిరీగల (మైమారిడే కూడా చేరే పెద్ద గుంపు) డేటాబేసు పేర్ల జాబితా ఇచ్చింది.

కష్టం ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చింది. ఎ. ఎ. జిరాల్ట్ అనే కీటక శాస్త్రవేత్త అక్కడ ఒంటరిగా కూర్చుని 3,000కు పైగా చాల్సిడ్ జాతులను వర్ణించాడు. కొన్ని వర్ణనలు రెండు మూడు వాక్యాలే, బొమ్మ ఉండదు. ఒకే స్లైడు మీద పలు జాతులు అమర్చిన సందర్భాలున్నాయి. ఆయన కృషి మీద నాకు గౌరవం ఉంది, ఆ వర్ణనలతో పని చేయడం మాత్రం నరకమే. మాటల్లో తేల్చలేని వాటికి టైపు స్లైడ్ల ఫొటోలు తెప్పించుకుని ఫలకాల లక్షణం ఒక్కొక్కదానిలో చూశాం. ఈ అనుభవం వల్లే మా వర్ణనలో ఆ ఖండితాల ఫొటోలు పెద్దవిగా పెట్టి, కొలతల పట్టికలో సగటుతో పాటు అతి చిన్నదీ అతి పెద్దదీ కూడా ఇచ్చి, కొట్టేసిన లక్షణాలను కూడా 'ఇవి జాతిని వేరుచేయవు' అని పేరు పేరునా రాశాం.

టైపు ఎక్కడ ఉండాలి

అంతర్జాతీయ జంతునామకరణ నియమావళి నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కొత్త జాతికి ఒక హోలోటైపును, అంటే పేరుకు ఆధారమైన ఒకే నమూనాను, స్పష్టంగా నిర్ణయించాలని, అది ఏ సంగ్రహంలో ఉంటుందో చెప్పాలని అందులో ఉంది. మన జీవవైవిధ్య చట్టం 2002, 39వ సెక్షను ప్రకారం కొత్త జాతి కనిపెట్టినవాళ్లు గుర్తింపు పొందిన సంగ్రహాలయానికి తెలియజేసి నమూనాలు అప్పగించాలి. మా హోలోటైపు, ఎర్ర చీటీ అంటించిన ఆడ పురుగు స్లైడు, కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు. పారాటైపులు, అంటే వర్ణనకు వాడిన మిగతా నమూనాలు, కొన్ని బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్‌కు (జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు).

టైపులను సొంత బీరువాలో ఉంచుకునే అలవాటు కాలేజీల్లో ఇంకా ఉంది. ఇది మానాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండ చరియలు ఇళ్ల మీద పడ్డాయి, పర్లాకిమిడిలో కప్పులు లేచిపోయాయి. ఆ రాత్రి చూసినవాళ్లెవరూ, ప్రపంచంలో ఒకే ఒక్కటిగా ఉండే నమూనాను ఇంట్లో పెట్టుకోవాలనుకోరు. మహేంద్రగిరి మీద పెద్ద చెట్లు కూలిన చోట అడవి నేల మీదికి ఎండ నేరుగా దిగడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఊట చుట్టూ నీడ నిలవడం వల్లనే ఈ పురుగు అక్కడ నిలిచిందని నా నమ్మకం.

పేరు ఇక్కడ చెప్పకపోవడానికి కారణం కూడా ఆ నియమావళే. నిబంధనల ప్రకారం ప్రచురణ కాని చోట పేరు మాత్రమే బయటికొస్తే అది చెల్లుబాటు కాదు, ఉత్తుత్తి పేరుగా చలామణీలోకి వచ్చి అందరినీ గందరగోళపెడుతుంది. 2012 నుంచి ఆన్‌లైన్ ప్రచురణ కూడా చెల్లుతుంది గానీ, దానికి ముందు జంతువుల పేర్లు నమోదు చేసే జూబ్యాంకులో నమోదు వంటి షరతులు తీరాలి. ఈ ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు ఎవరూ వాడలేదని చూసుకున్నాం. వ్యాసం వచ్చిన రోజున అందరికీ తెలుస్తుంది.

రైతులు అడిగేది

కాశీనగర్ వైపు వరి రైతులకు ఈ ఫొటోలు చూపించినప్పుడు వచ్చే ప్రశ్న ఒకటే: ఇది మా చేనుకు పనికొస్తుందా? సూటిగా చెప్తాను. ఈ జాతి అడవి నీడ వదిలి చేలోకి వస్తుందని ఆశించను. దీని చుట్టాలు మాత్రం ఇప్పటికే వాళ్ల చేలల్లో పని చేస్తున్నాయి. అనాగ్రస్, గొనాటోసెరస్ ప్రజాతుల కందిరీగలు సుడిదోమ, పచ్చ దీపపు పురుగుల గుడ్లను వెతికి తింటాయి. దోమపోటు రాకముందే విచక్షణ లేకుండా మందు కొట్టిన చేలో మొదట చచ్చేవి ఇవే. చేనును కాపాడేవి చచ్చాక దోమ మరింత పెరుగుతుంది. ఈ మాట ఫొటోతో చెప్తే రైతు ఆగి వింటాడు.

మన పురుగు ఏ గుడ్లలో పెరుగుతుందన్నది పెంచి చూస్తేనే తేలుతుంది. కాంప్టోప్టెరా పాత రికార్డుల్లో చాలావాటికి ఆధారం ఎండు కొమ్మల్లోంచి బయటికొచ్చిన పురుగులే. ఆ కొమ్మలో బెరడు పురుగులూ ఉంటాయి, ఇంకా ఎన్నో ఉంటాయి, తిన్న గుడ్డు ఎవరిదో దాంతో తేలదు. అందుకని ఊట దగ్గరి పాచి పట్టిన కొమ్మలను చీకటి డబ్బాల్లో పెట్టి, ఒక పక్క వెలుతురు వచ్చేలా గాజు గొట్టం బిగించాం. బయటికొచ్చిన పురుగు వెలుతురు వైపు నడిచి గొట్టంలో చేరుతుంది. దాంతో పాటు బెరడు విప్పి గుడ్ల గుంపులు విడిగా ఏరి, ఒక్కో గుంపును ఒక్కో గొట్టంలో ఉంచుతున్నాం.

సమీక్షకుల్లో ఒకరు మగ పురుగు జననాంగాల చిత్రం అడిగారు. ఇంకొకరు అండ నిక్షేపకం గ్రాఫులో తెలిసిన జాతి పొట్టి పురుగులు ఇంకొన్ని కావాలన్నారు. రెండో అభ్యంతరం న్యాయమైనదే, మా మూడో లక్షణం ఆ గ్రాఫు మీదే నిలబడి ఉంది. వేసవి నమూనాల సీసాలు మళ్లీ తెరిచి, ఇంకా స్లైడు చేయని పొట్టివన్నీ అమర్చి, కొలిచి చేర్చాం. రెండు గీతలూ కలవలేదు. సవరించిన ప్రతిని పత్రికకు పంపాం.